రెండు ధ్రువముల నడుమ

విద్యుద్ఘట మనగానే మనకు స్ఫురించునవి దాని ధనధ్రువ ఋణధ్రువములే. కాని ఆ రెంటి నడుమ నిలిచి, అయాన్లను మాత్రము దాటనిచ్చి, ఎలక్ట్రాన్లను దాటనీయక వెలుపలి తీగవెంట నడపి, మనకు దీపమును యంత్రబలమును సమకూర్చు విద్యుద్విశ్లేష్యమే ఘటమునకు ప్రాణము. ఘటముయొక్క క్షేమమును ఆయుర్దాయమును ముఖ్యముగా నిర్ణయించునది ఈ నడిమి పదార్థమే యని దాని చరిత్ర చెప్పుచున్నది.

1800 మార్చి 20వ తేదీన ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా లండన్ రాయల్ సొసైటీకి పంపిన లేఖలో, వెండిబిళ్ళను జింకుబిళ్ళను జతజతలుగా పేర్చి, జతకును జతకును నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్క నుంచి నిర్మించిన స్తంభమును వర్ణించెను. విద్యుద్విశ్లేష్యముయొక్క తొలిరూపము ఆ ఉప్పునీరే. ఆంగ్లమున విద్యుద్విశ్లేష్యమునకు పేరు 1834లో మైకేల్ ఫారడే రచనలలో వెలువడెను. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు రేకుల నడుమ గంధకామ్లమును, 1866లో జార్జి లెక్లాంషే జింకుకడ్డీ చుట్టును నవాసారపు ద్రావణమును నిలిపిరి. ఆ ద్రావణమునే ఒలుకకుండ ముద్దగా చేసినందువలన టార్చిలైటునందలి పొడిఘటము సాధ్యమయ్యెను.

లోహములలో మిక్కిలి తేలికైన లిథియమునకు నీరు గిట్టదు గనుక, దానితో చేయు ఘటములకు కర్బన ద్రావకములే శరణ్యమయ్యెను. 1970 దశకమున స్టాన్లీ విటింగ్‌హామ్ లిథియం ఘటమును నిర్మించెను. కాని మరల మరల విద్యుత్తు నింపిన కొలది లోహము సూదులవలె మొలిచి, ఆవలి ధ్రువము నంటి అగ్నిని పుట్టించు ప్రమాదము ఏర్పడెను. లోహమునకు మారుగా, లిథియం అయాన్లను తన పొరలలో దాచుకొనగల గ్రాఫైటును వాడుదమన్న, నాడు వాడుకలోనున్న ప్రొపిలీన్ కార్బొనేటు అయాన్ల వెంట తానును పొరలలో జొరబడి వానిని చీల్చివేయుచుండెను.

ఈ చిక్కును విప్పినది దాని సోదరద్రవ్యమగు ఇథిలీన్ కార్బొనేటు. రెంటికిని భేదము ఒక్క మిథైల్ సమూహము మాత్రమే. ఇథిలీన్ కార్బొనేటు దాదాపు 36 డిగ్రీల సెల్సియస్ వరకు గడ్డకట్టి యుండునది. కాని దానిని ఇతర ద్రవములతో కలిపి వాడినచో, తొలిసారి విద్యుత్తు నింపునపుడే అందు కొంతభాగము విచ్ఛిన్నమై గ్రాఫైటుపై అతిసూక్ష్మమగు పొరగా పరచుకొని, అయాన్లకు దారియిచ్చుచు ద్రావకమును అడ్డగించునని 1990లో కెనడాలో జెఫ్ డాన్ బృందము చూపెను. కొంత తాను నశించి మిగిలినదానిని కాపాడు ఆ పొరయే నేటి చేతిఫోనులకును విద్యుత్ వాహనములకును ఆధారము.

అయినను ఈ ద్రావకములు మండు స్వభావము గలవి. అందు కరగించు లిథియం లవణము లేశమాత్రపు తేమ తగిలినను తీక్ష్ణమగు ఆమ్లమును పుట్టించును. అందుచే శాస్త్రజ్ఞుల దృష్టి ఘనపదార్థములపై బడెను. వేడిచేసిన వెండి సల్ఫైడు విద్యుత్తును ప్రవహింపజేయునని ఫారడే 1833లోనే గమనించియుండెను. 2011లో జపానులో ర్యోజి కన్నో బృందము లిథియం, జెర్మేనియం, భాస్వరము, గంధకముల సమ్మేళనము ఒకటి సాధారణోష్ణమునందే ద్రవములకు దీటుగా అయాన్లను నడపునని నిరూపించెను. కాని ఇట్టి గంధక సమ్మేళనములు తేమగాలి సోకిన విషవాయువును విడుచును. ధ్రువములు ఉబ్బి తగ్గునపుడు ఘనము వాని స్పర్శను కోల్పోవును.

ఉప్పునీట తడిసిన అట్టముక్క నాటినుండి నేటివరకు మానవుడు వెదకుచున్నది ఒక్కటే: అయాన్లకు దారియు, అగ్నికి అడ్డును కాగల పదార్థము. కావున పాఠకులారా, ఘటమునకు శక్తి ఎంతయని అడుగుటతో తృప్తిపడక, దాని ధ్రువముల నడుమ నున్న దేమని కూడ అడుగుడు.