దేవుడి గది లేని ఇంటి పిల్లలు: అపోహలు, వాస్తవాలు

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కమ్యూనిస్టు, హేతువాద కుటుంబాలు ఒకప్పుడు గట్టిగానే ఉండేవి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల పాతికేళ్లకు బాప్తిస్మం తీసుకుని నగలూ సినిమాలూ మానేసినా, పిల్లాడు ఏటా అయ్యప్ప మాల వేసుకుంటున్నా మొదట వినిపించే మాట "ఎవరో బుర్ర మార్చేశారు" అని. కొరియా మతగురువు మూన్ అనుచరుల సంఘం మీద ఇదే నింద పడినప్పుడు, బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త ఐలీన్ బార్కర్ వాళ్ల శిబిరాలను దగ్గరుండి పరిశీలించి 1984లో పుస్తకం తెచ్చారు. శిబిరానికి వెళ్లిన పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది సంఘంలో చేరనే లేదు. చేరినవాళ్లలోనూ ఎక్కువమంది రెండేళ్లలోపే బయటికొచ్చేశారు. బుర్ర మార్చే మందే ఉంటే ఇంతమంది మీద పనిచేయకుండా పోదు.

రెండో మాట డబ్బాశ. కొల్లేటి ఊళ్లలో కొత్త ప్రార్థన మందిరం లేచినప్పుడల్లా ఇది వినపడుతుంది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద క్రైస్తవం పుచ్చుకున్న దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. మన రాష్ట్రంలో అతను బీసీ-సీలోకి వస్తాడు. 15 శాతం రిజర్వేషన్ పోయి 1 శాతం మిగులుతుంది. కాగితాల్లో మార్చుకోని వాళ్లున్నారుగా అంటారు. ఉన్నారు. దాచుకోవలసి రావడమే, మారితే కలిగేది నష్టమని చెబుతోంది.

మరి ఏం లాగుతోంది? నియమం కఠినమైతే కుర్రకారు పారిపోతారన్నది అన్నిటికన్నా పెద్ద అపోహ. అయ్యప్ప దీక్ష మతం మారడం కాదు గానీ, ఆ ఆకర్షణ ఎలాంటిదో అందులో తేటగా కనిపిస్తుంది. 41 రోజులు తెల్లవారకముందే చన్నీటి స్నానం, చెప్పుల్లేని నడక, కటిక నేల మీద పడక. పేరూ హోదా పక్కనపెట్టి అందరూ అందరికీ "స్వామీ". బరువు మోయనివాడు ఆ బృందంలో నిలవడు కాబట్టి, నిలిచినవాళ్లు ఒకరికొకరు గట్టి తోడవుతారు. ఆర్థికవేత్త లారెన్స్ అయనకోన్ 1994లో కఠినమైన చర్చిల బలం గురించి చెప్పింది ఇదే. జాన్ లోఫ్లాండ్, రోడ్నీ స్టార్క్ 1965లోనే ఇంకోటి గమనించారు: కొత్తవాళ్లను ఒక మత సంఘంలోకి తెచ్చింది సిద్ధాంతం కన్నా ముందు అక్కడ కుదిరిన స్నేహాలు. నమ్మకం వెనక వచ్చింది.

"దేవుడు లేకుండా మనిషి ఉండలేడని ఒప్పుకున్నట్టేగా?" అని ఆస్తికులు అడగవచ్చు. కాదు. నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకు మారింది. అక్కడ కలిసి భోజనాలు, కులాంతర వివాహాలు, అందరికీ పని. ఆయన పిల్లలు లవణం, సమరం, విజయం ఆ నీడలోనే పెరిగి నాస్తికులుగానే నిలిచారు. రచయిత చలం తన పిల్లలకు పూర్తి స్వేచ్ఛ ఇచ్చారు. కూతురు సౌరిస్ ఆధ్యాత్మిక జీవితాన్నే ఎంచుకున్నారు. 1950లో ఆ కుటుంబం అరుణాచలం చేరింది. తండ్రి మనసే మారింది కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. రెండు ఇళ్లతో ఏదీ రుజువు కాదు. కానీ అమెరికాలో ప్యూ సంస్థ 2014 సర్వే చూడండి: మతం లేకుండా పెరిగినవాళ్లలో పెద్దయ్యాక అలాగే ఉన్నది 53 శాతమే. "లేదు" అన్న మాట పిల్లలకు వారసత్వంగా అందదు; కలిసి చేసే పని అందుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా మాల వేసుకున్నా, మందిరానికి వెళ్తున్నా, దేవుడున్నాడా లేడా అని వాదనకు దిగకండి. అక్కడ పంక్తిలో తన పక్కన ఎవరు కూర్చుంటున్నారో అడగండి.