ఒలింపస్ ట్రిప్ 35: పాత కెమెరాను గుర్తించి పరీక్షించే పద్ధతి

పాత ఫిల్ము కెమెరాను తక్కువ ధరకు కొనేటప్పుడు పైతొడుగు మెరుపు గాని, కటకం అంచున చెక్కిన పేరు గాని దాని విలువను నిర్ణయించవు. వెలుతురును కొలిచే భాగం, ఆ వెలుతురును లోపలికి వదిలే షట్టర్, ఫిల్మును ముందుకు జరిపే యంత్రం అనే మూడూ ఇన్ని దశాబ్దాల తరవాత కూడా పనిచేస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న. ఫిల్ము వేయకుండానే ఈ ప్రశ్నకు చాలావరకు జవాబిచ్చే కెమెరాలలో జపాన్‌లో 1967లో మొదలై 1984 వరకు తయారైన ఒలింపస్ ట్రిప్ 35 ముఖ్యమైనది. లక్షల సంఖ్యలో అమ్ముడైన ఈ కెమెరాకు బ్యాటరీయే అక్కర్లేదు కనుక, దాని భాగాల బాగోగులన్నీ కంటికీ చేతికీ నేరుగా తెలుస్తాయి.

దీన్ని గుర్తించడం సులభం. కటకం చుట్టూ తేనెపట్టు గదులను తలపించే పారదర్శక వలయం ఉంటుంది, దాని వెనక కాంతిని కొలిచే సెలీనియం ఫలకం అమరి ఉంటుంది. తయారైన కాలాన్ని తెలుసుకోవాలంటే వెనక తలుపు తెరిచి, ఫిల్మును చదునుగా అదిమిపట్టే నల్లని పలకను జాగ్రత్తగా ఊడదీసి, దాని వెనక ఉన్న మూడక్షరాల గుర్తు చూడాలి. అందులో రెండోది సంవత్సరపు చివరి అంకె, మూడోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు ఎక్స్, వై, జెడ్ అక్షరాలు వాడారు. చివరి అంకె ఒక్కటే ఉండటం వల్ల దశాబ్దం విషయంలో వచ్చే సందేహాన్ని షట్టర్ మీట కొంతవరకు తీరుస్తుంది: తొలి కెమెరాలకు అది వెండిరంగు లోహంతోనూ, చివరి సంవత్సరాలవాటికి నల్లని ప్లాస్టిక్‌తోనూ ఉంటుంది.

వెలుతురు పడినప్పుడు సెలీనియంలో విద్యుత్తు పుడుతుందని 1876లో విలియం గ్రిల్స్ ఆడమ్స్, రిచర్డ్ ఎవాన్స్ డే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు గుర్తించారు. ట్రిప్ 35లో ఆ స్వల్ప విద్యుత్తు ఒక సన్నని ముల్లును కదిలిస్తుంది, వెలుతురు పెరిగినకొద్దీ ముల్లు ఎక్కువ దూరం జరుగుతుంది. మీట నొక్కగానే ముల్లు ఉన్నచోటనే బిగుసుకుపోతుంది, మెట్లుమెట్లుగా కోసిన ఒక లోహపు పట్టీ దాని మీదికి వచ్చి ఏ మెట్టు దగ్గర ఆగితే దానికి తగినట్టు కటకం రంధ్రమూ షట్టర్ వేగమూ కుదురుతాయి. ఒక్క ట్రాన్సిస్టరైనా లేకుండా ఇంత నిర్ణయం జరగడం నిజంగా మెచ్చదగిన యంత్రరచన. షట్టర్‌కు ఉన్నవి సెకనులో 40వ వంతు, 200వ వంతు అనే రెండు వేగాలే. రంధ్రం మాత్రం ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 22 దాకా మారుతుంది. ఎఫ్ సంఖ్య అంటే కటకం నాభ్యంతరాన్ని రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చేది. ఇక్కడ నాభ్యంతరం 40 మిల్లీమీటర్లు కనుక రంధ్రం సుమారు 14 మిల్లీమీటర్ల నుంచి 2 మిల్లీమీటర్ల లోపుకు తగ్గుతుంది. వేగమూ రంధ్రమూ కలిసి ఫిల్ముకు చేరే వెలుతురును దాదాపు 300 రెట్ల మేర నియంత్రించగలవు.

వెలుతురు చాలనప్పుడు షట్టర్ కదలదు, చూసే కిటికీలో ఒక ఎర్రని రేకు పైకి లేస్తుంది. కొనేవారికి అన్నిటికన్నా ఉపయోగపడే పరీక్ష ఇదే. రంధ్రపు వలయాన్ని 'ఎ' గుర్తు దగ్గర ఉంచి, కటకం చుట్టూ ఉన్న పారదర్శక వలయాన్ని అరచేత్తో పూర్తిగా మూసి మీట నొక్కితే రేకు లేవాలి, ఆరుబయట చెయ్యి తీసి నొక్కితే షట్టర్ పడాలి. అయితే ఇంతటితో సెలీనియం బతికే ఉందని తెలుస్తుంది గాని, ఎంత బలంగా ఉందో తెలియదు. అందుకు ఫిల్ము వేగాన్ని, అంటే ఫిల్ము ఎంత తక్కువ వెలుతురుకు స్పందిస్తుందో చెప్పే సంఖ్యను, మొదట 25 దగ్గర పెట్టి మసక గదిలో నొక్కి చూడాలి. రేకు లేచినచోటనే సంఖ్యను 400కు మార్చి నొక్కితే, మరీ చీకటి కాకపోతే, షట్టర్ పడుతుంది. ఆ తరవాత వెనక తలుపు తెరిచి, కటకాన్ని ఒకసారి ఎండవైపు, ఒకసారి నీడవైపు తిప్పి మీట నొక్కుతూ లోపలినుంచి చూస్తే, రంధ్రం ఎండలో చిన్నదిగానూ నీడలో పెద్దదిగానూ కనిపించాలి. తేడా లేకపోతే రంధ్రపు రేకులు జిడ్డుపట్టి అతుక్కుని ఉండవచ్చు. సెలీనియం కొంత బలహీనపడిందని తేలినా కెమెరాను వదులుకోనక్కర్లేదు: తక్కువ వెలుతురు ఉందని భ్రమపడి అది రంధ్రాన్ని ఎక్కువ తెరుస్తుంది కాబట్టి, ఫిల్ము వేగాన్ని అసలుకన్నా పెద్ద సంఖ్య దగ్గర పెడితే లెక్క సరిపోతుంది.

మిగిలినవి త్వరగా చూడవచ్చు. తలుపు అంచుల్లోని స్పాంజి జిగురుగా మారితే వెలుతురు లోపలికి దూరి ఫొటోలు పాడవుతాయి. కొత్త స్పాంజి అతికించడం చిన్న పని. కటకానికి బూజు పట్టిందేమో టార్చి వేసి చూడటం మాత్రం తప్పనిసరి, ముఖ్యంగా విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరప్రాంతపు తేమలో ఏళ్ల తరబడి తోలుసంచిలో మూతపడి ఉన్నవాటిలో. ముదిరిన బూజు గాజు పైపూతనే తినేస్తుంది, దాన్ని తుడిచినా మచ్చ పోదు.

వాడకంలో ఫిల్ము ఎంపికే కీలకం. మిట్టమధ్యాహ్నపు ఎండలో రంధ్రం ఎఫ్ 16 దగ్గర ఉంటే షట్టర్ వేగం ఫిల్ము వేగపు సంఖ్యకు సమానంగా ఉండాలని ఫొటోగ్రాఫర్ల పాత లెక్క. దాని ప్రకారం 400 ఫిల్ము వేస్తే తెలుగునాట వేసవి ఎండలో ఈ కెమెరా ఎఫ్ 22, 200వ వంతు సెకను అనే తన చివరి హద్దుకు చేరుతుంది. 200 ఫిల్ముతో ఎఫ్ 16 దగ్గరే సరిపోతుంది కనుక ఆరుబయటకు అదే మేలు, ఇంటి లోపలికి 400 మంచిది. దూరాన్ని కటకం మీది నాలుగు బొమ్మలతో 1, 1.5, 3 మీటర్లు, అనంతం అని అంచనాగా పెట్టుకోవాలి. 3 మీటర్ల బొమ్మ దగ్గర ఎఫ్ 8 రంధ్రంతో సుమారు 2 నుంచి 5 మీటర్ల వరకు అంతా స్పష్టంగానే పడుతుంది కాబట్టి చిన్న పొరపాట్లు లెక్కలోకి రావు. ఫిల్మును జరుపుతున్నప్పుడు ఎడమవైపు చుట్టే గుండీ కూడా తిరుగుతుంటేనే ఫిల్ము పళ్లకు పట్టినట్టు. రీలు పూర్తయ్యాక అడుగున ఉన్న చిన్న మీటను నొక్కి, మొత్తం వెనక్కి చుట్టిన తరవాతే తలుపు తెరవాలి.