నడుము ఎత్తిన నిమిషము



వరినాట్లు వేసే స్త్రీలను మీరు చూచే ఉంటారు. మీలో అనేకులు ఆ పని చేసినవారే. ఉదయము మొదలుకొని బురదలో వంగి ఉంటారు. చేతిలోని నారు అయిపోయి, మరొక కట్ట అందుకొనే ముందు ఒక్కసారి నడుము ఎత్తి నిలబడతారు. గట్టు మీద ఉన్నవారికి అది కాలయాపనగా కనబడవచ్చు. కాని ఆ నిమిషము లేకపోతే మధ్యాహ్నానికే ఒళ్ళు సహకరించదు.

వంగి ఉన్నంతసేపు కంటికి కనబడేది రెండు జానల బురద మాత్రమే. నడుము ఎత్తితే కాలువ, కొంగల బారు, తాటిచెట్లు, దూరాన కమ్ముకొంటున్న మబ్బు, అన్నీ కనబడతాయి. బురద ఎక్కడికీ పోలేదు. అయితే లోకమంతా బురదే కాదని తెలిసింది.

చింత కూడా మనిషిని ఇలాగే వంచుతుంది. బ్యాంకు అప్పు, కాలిపోయిన మోటారు, అమ్మాయి చదువు ఖర్చు, వీటి మీదికే మనస్సు వంగిపోతే ఇంకేమీ కనబడదు. వరుసగా రెండేళ్ళు మిరప పంట దెబ్బతిన్న ఒక రైతు నాతో ఇలా అన్నాడు: "అయ్యగారూ, రోజంతా పొలంలోనే ఉంటాను గాని, పొలాన్ని చూచి ఎన్నాళ్ళయిందో!" ఆ మాట మనమందరము ఆలోచించదగినది.

గమనించి నేర్చుకొనుట

కొండమీది ప్రసంగములో ప్రభువు చింతను గూర్చి మాట్లాడుతూ, పక్షుల వైపు, పొలములోని పువ్వుల వైపు చూపించారు (మత్తయి 6వ అధ్యాయము). విన్నవారు తీరిక గల ధనికులు కారు, ఎక్కువమంది రెక్కాడితే గాని డొక్కాడని సామాన్యులే. పువ్వులను గూర్చి చెప్పినచోట గ్రీకు భాషలో వాడిన క్రియకు బాగుగా గమనించి నేర్చుకొనుట అని అర్థము. ఊరకే చూచి దాటిపోవడము కాదు.

మన పొలాల దగ్గరే గిజిగాడు ఉన్నాడు. వానకాలములో ఆ మగపక్షి వరి ఆకులను, గడ్డిని, తాటాకును సన్నని పీలికలుగా చీల్చి తెచ్చి, ముక్కుతోనే ముడులు వేసి గూడు అల్లుతుంది. సగము అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి, పరీక్షించి, ఇష్టపడితేనే మిగతా సగము పూర్తిచేస్తుంది. సాలీం అలీ అనే పక్షి శాస్త్రజ్ఞుడు 1930లో, ఉద్యోగము లేని దినాలలో, మహారాష్ట్ర సముద్రతీరాన కిహిమ్ అనే ఊరిలో ఈ గూళ్ళ దగ్గర నెలల తరబడి కూర్చుని గమనించాడు. 1931లో ప్రచురించిన ఆ పరిశీలన ఆయనకు మంచి పేరు తెచ్చింది. చేతిలో పనిలేని ఆ కాలము వ్యర్థము కాలేదు.

తల ఎత్తినప్పుడు కనబడిన భూమి

1968 డిసెంబరు 24న అపోలో 8 అనే నౌకలో ముగ్గురు అమెరికా వ్యోమగాములు చంద్రుని చుట్టూ తిరుగుతున్నారు. చంద్రుని ఉపరితలాన్ని ఫోటోలు తీయడము వారి పనులలో ఒకటి. నాలుగవ చుట్టులో చంద్రుని అంచు మీదుగా నీలిరంగు భూమి పైకి వస్తూ కనబడింది. చేస్తున్న పని క్షణము ఆపి, విలియం ఆండర్స్ దానిని రంగుల ఫోటో తీశాడు. చంద్రుని కొరకు వెళ్ళినవారు భూమిని చూచారు! సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరము నుండి మన ఊళ్ళూ, గట్టు తగాదాలూ, కోర్టు వ్యాజ్యాలూ అన్నీ ఆ చిన్న గోళములోనే ఉన్నాయి. ఆ రాత్రి ప్రసారములో ముగ్గురూ వంతులవారీగా ఆదికాండము మొదటి పది వచనాలు చదివారు.

దీనివలన పొలానికి లాభమా?

లాభమే. నడిచిపోతూ పొలాన్ని చూచేవానికి పచ్చదనమే కనబడుతుంది. ఆగి, వంగి, దుబ్బు మొదళ్ళు చూచేవానికే సుడిదోమ కనబడుతుంది. అక్కడే సాలీళ్ళు, ఆకుల మీద అక్షింతల పురుగులు, పైన తూనీగలు కూడా కనబడతాయి. ఇవి పైరుకు హాని చేసే పురుగులను తిని రైతుకు మేలు చేసేవి. చూడకుండా తొందరపడి మందు కొడితే మొదట చచ్చేది ఈ స్నేహితులే. అప్పుడు దోమ మరింత పెరిగే ప్రమాదమున్నది.

ఆ మిరప రైతు సంగతి చెప్పాలి. రోజూ పని మధ్యలో కాసేపు గట్టు మీద కూర్చుని, ఊరికే చూడడము అలవాటు చేసుకున్నాడు. అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. కాని కొన్ని దినాలకు, అంతవరకు దాచిన అప్పు సంగతి భార్యతో చెప్పాడు. ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్ళి గడువు అడిగారు. ఒంటరిగా వంగి మోసినదానిని ఇద్దరూ నిలబడి మోయగలిగారు.

గట్టు మీద కూర్చుంటే బాధలన్నీ తీరుతాయని నేను చెప్పను. ప్రాణము మీద విసుగు పుట్టేంత భారము ఉన్నవారు పక్షులను చూచి ఊరుకోకూడదు. ఇంటివారితోనో, సంఘకాపరితోనో, వైద్యునితోనో ఆ దినమే నోరు విప్పి చెప్పుకోవాలి.

మిగిలిన మనము ఈ చిన్న అభ్యాసము మొదలుపెడదాము. అన్నము మూట విప్పేముందు, బస్సు కొరకు నిలబడినప్పుడు, పొయ్యి మీద ఎసరు మరిగేలోగా, సెల్‌ఫోను పక్కన పెట్టి ఒక్క ప్రాణిని, ఒక్క చెట్టును, ఒక్క మబ్బును బాగుగా చూడండి. చూచినది సాయంకాలము పిల్లలకు చెప్పండి. వాళ్ళు చూచినది అడగండి. రేపటి పని రేపూ ఉంటుంది. దానిని చేయడానికి కాస్త నిటారుగా నిలిచిన మనిషి కావాలి.