మేక్‌ఫైల్ – మెస్ లెక్క

తమ్ముళ్ళారా! మనలో చాలామంది పదో తరగతి తర్వాత వనపర్తిలో 1959లో మొదలైన కేడీఆర్ పాలిటెక్నిక్ లాంటి చోట్ల కంప్యూటర్ కోర్సుల్లో చేరుతుంటారు. ప్రాజెక్టు చేసేటప్పుడు మేం పడ్డ ఇబ్బంది మీరు పడకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేం సీ భాషలో హాస్టల్ మెస్ లెక్కల ప్రోగ్రాం రాశాం. స్టాక్, అటెండెన్స్, కామన్ అని మూడు ఫోల్డర్లు. విద్యార్థి వివరాల హెడర్ ఫైల్ కామన్‌లో ఉండేది. చూపించాల్సిన రోజుకు ముందు అందులో రూము నంబరు చేర్చాం. అంతే, బిల్లులో ఒకరి హాజరు ఇంకొకరికి పడింది! రాత్రంతా వెతికినా కోడ్‌లో తప్పు దొరకలేదు. చివరికి పాత ఆబ్జెక్ట్ ఫైళ్ళన్నీ తీసేసి మళ్ళీ కంపైల్ చేస్తే లెక్క సరిపోయింది.

ఎందుకలా జరిగింది? మేక్ అనే సాధనం ఫైళ్ళు మారిన సమయాలను పోల్చి, మారినవాటినే మళ్ళీ కంపైల్ చేస్తుంది. కానీ ఏది దేనిపై ఆధారపడిందో మనమే చెప్పాలి. మేం ఫోల్డరుకొక మేక్‌ఫైల్ రాశాం. కామన్‌లోని హెడర్ పేరు అటెండెన్స్ మేక్‌ఫైల్లో రాయనేలేదు. రూముకు చుట్టాలొచ్చిన సంగతి వంటమనిషికి చెప్పకపోతే అన్నం తక్కువ పడదా? ఇదీ అంతే.

1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను తయారుచేయడానికి కారణం కూడా ఇలాంటిదే. తప్పు దిద్దిన ఫైలును మళ్ళీ కంపైల్ చేయడం మరచి, సరైన ప్రోగ్రాంలోనే తప్పు వెతుకుతూ ఆయన సహోద్యోగి ఒక పూటంతా పోగొట్టుకున్నాడు. ఫోల్డరుకొక మేక్‌ను విడివిడిగా నడిపితే ఏ ఒక్కదానికీ మొత్తం లెక్క తెలియదని 1998లో పీటర్ మిల్లర్ తన వ్యాసంలో వివరించారు.

మరి ఏం చేయాలి?

1. పైన ఒకే మేక్‌ఫైల్ ఉంచండి. రూము లీడరు తలల లెక్క ఇచ్చినట్టు, ప్రతి ఫోల్డరులో తన ఫైళ్ళ పేర్లు మాత్రమే చెప్పే చిన్న ఫైల్ ఉంచి, పైదానిలో ఇన్‌క్లూడ్ చేయండి. దారులన్నీ పై ఫోల్డరు నుంచే రాయండి.

2. హెడర్ల జాబితా చేత్తో రాయకండి. జీసీసీకి 'ఎంఎండీ' ఆప్షన్ ఇస్తే ఆ జాబితాను అదే డీ ఫైళ్ళుగా రాసిపెడుతుంది. వాటినీ ఇన్‌క్లూడ్ చేయండి.

3. ఆబ్జెక్ట్ ఫైళ్ళను బిల్డ్ అనే వేరే ఫోల్డరులోకి పంపండి. తుడిచేయడం తేలిక.

4. ఆదేశం ఉన్న వరుస ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేస్‌లతో కాదు.

చివరగా ఒక పరీక్ష. హెడర్‌లో చిన్న మార్పు చేసి మేక్ నడపండి. దాన్ని వాడే ఫైళ్ళన్నీ కంపైల్ కావాలి. వెంటనే మళ్ళీ నడిపితే ఒక్కటీ కాకూడదు. రెండూ జరిగితే మీ లెక్క సరైనదే.

కోడ్ బాగా రాసినా కూర్పు కుదరకపోతే కష్టమంతా వృథా. మాకు ఒక రాత్రి పోయింది, మీకు పోకూడదు. అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు!

– పూర్వ విద్యార్థులు, వనపర్తి