సెట్‌లో మాట మనకెందుకు వినపడదు?

మహాశివరాత్రి నాడు కోటప్పకొండ కింద లక్షల మంది జనం ఉంటారు. ఆకాశాన్నంటే ప్రభలు, వాటి ముందు డప్పులు, మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు. ఆ సందట్లో సెల్‌ఫోన్ తీస్తే సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, ఫోన్ మాత్రం కలవదు. పక్కనే బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్‌కి ఆ ఇబ్బంది లేదు. భుజానికి తగిలించుకున్న వైర్‌లెస్ సెట్ మీట నొక్కి నాలుగు ముక్కలు చెబుతాడు, వెంటనే అవతల నుంచి జవాబు వస్తుంది.

తేడా ఎక్కడుందంటే, సెల్ టవర్ ఒక్కో ఫోనుకీ తన సామర్థ్యంలో కొంత వాటా విడిగా పంచాలి. వాటాలు అయిపోతే తర్వాతివాడికి దారి లేదు. పోలీసు సెట్‌కి ఈ పంపకం లేదు. ఒకరు మాట్లాడితే ఆ ఛానెల్‌లో ఉన్న అందరూ ఒకేసారి వింటారు, పదిమంది విన్నా వెయ్యిమంది విన్నా ఖర్చయ్యే తరంగం ఒకటే. జిల్లా ఎస్పీ తన ఆఫీసులో కూర్చుని స్టేషన్లన్నిటితో ఒక్కసారే మాట్లాడే ‘సెట్ కాన్ఫరెన్స్’ నడిచేది ఈ గుణం వల్లే. అయితే గాలిలోకి వదిలిన మాటకు గిరి గీయలేం. వినేవాళ్లలో పోలీసులు ఎందరో, బయటివాళ్లు ఎందరో పంపే యంత్రానికి తెలియదు.

ఆ బయటివాళ్ల చేతిలో ఉండే పరికరమే స్కానర్. అది మామూలు రేడియోకి అన్నలాంటిదే, కాకపోతే ఒక్క స్టేషన్ దగ్గర కుదురుగా ఉండదు. లోపల పౌనఃపున్యాన్ని తయారుచేసే సర్క్యూట్ ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కి గెంతుతూ పోతుంది. మంచి స్కానర్లు సెకనుకు సుమారు వంద ఛానెళ్లు తడిమి చూస్తాయి. ఎక్కడా తరంగం లేకపోతే స్క్వెల్చ్ అనే గేటు స్పీకర్‌ని మూసి ఉంచుతుంది. తరంగం తగలగానే గెంతడం ఆపి గేటు తెరుస్తుంది. అమెరికాలో దశాబ్దాలుగా ఇదొక పెద్ద సరదా. విలేకరులు, అగ్నిమాపక స్వచ్ఛంద సేవకులు, ఊసుపోని పెద్దవాళ్లు టేబుల్ మీద స్కానర్ పెట్టుకుని ఊళ్లో ఎక్కడ ఏం జరిగిందో వింటూ కూర్చుంటారు.

మన పల్నాడులోని ఎడ్లపాడులో అలాంటి పెట్టె పెడితే ఎంత దూరం వినపడుతుంది? పోలీసులు వాడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపుతో సమానంగా ప్రయాణిస్తాయి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ యాంటెన్నాకు దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నేల మీద నిలబడ్డ మనిషి చేతిలోని సెట్ 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే దానికి 5 కిలోమీటర్లు. 9 మీటర్ల డాబా మీద యాంటెన్నాకు 12 కిలోమీటర్ల పైచిలుకు. ఇది లెక్క మాత్రమే. ఇళ్లూ చెట్లూ అడ్డం వచ్చాక చేతిసెట్టు నుంచి చేతిసెట్టుకు రెండు మూడు కిలోమీటర్లు అందితే గొప్ప.

ఇప్పుడు ఊరి పక్కనున్న కొండవీటి కొండల వైపు చూడండి. చుట్టూ ఉన్న మైదానం కంటే 300 మీటర్లు ఎత్తయిన శిఖరం మీద ఒక రిపీటర్ పెట్టామనుకుందాం. రిపీటర్ అంటే ఒక పౌనఃపున్యం మీద విని, అదే క్షణంలో ఇంకో పౌనఃపున్యం మీద గట్టిగా తిరిగి పలికే యంత్రం. 300 వర్గమూలం సుమారు 17.3, దాన్ని 4.12తో గుణిస్తే 71 కిలోమీటర్లు. చిలకలూరిపేట, నరసరావుపేట, గుంటూరు, బాపట్ల అన్నీ ఆ వలయంలోకి వచ్చేస్తాయి. రెడ్డిరాజులు రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చుకున్నప్పుడు చూసిందీ ఈ ఎత్తునే. దూరం నుంచి వచ్చేవాణ్ణి ముందే కనిపెట్టడం వాళ్లకు కావలసిన పని. రేడియో ఇంజనీరుకు కావలసిందీ దాదాపు అదే.

ఇంతవరకూ చెప్పింది పాత అనలాగ్ సెట్ల సంగతి. గొంతు ఆకారమే తరంగం మీద ఎక్కి వస్తుంది కాబట్టి రిసీవర్ ఉన్న ఎవరికైనా వినపడేది. దాచాలనుకుంటే గొంతులోని పైస్థాయి, కిందిస్థాయి తారుమారు చేసి పంపేవారు. పిల్లలు అక్షరానికొక ‘క’ చేర్చి మాట్లాడుకునే క-భాష లాంటిదది. కిటుకు తెలిసినవాడికి అరనిమిషంలో అర్థమవుతుంది.

తర్వాత డిజిటల్ వచ్చింది. ఇక్కడే చాలామంది పొరబడతారు, డిజిటల్ వేరు, ఎన్‌క్రిప్షన్ వేరు. డీఎంఆర్ అనే ప్రమాణాన్ని చూడండి. ఐరోపా ప్రమాణాల సంస్థ 2005లో తెచ్చింది, మన దేశంలోనూ పరిశ్రమల నుంచి భద్రతా సిబ్బంది దాకా వాడుతున్నారు. అందులో గొంతును 20 మిల్లీసెకండ్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో అసలు ధ్వనిని పంపరు. స్వరం ఏ స్థాయిలో ఉంది, నోరు ఏ ఆకారంలో ఉంది అన్న వివరాన్ని 49 బిట్లలో రాసి పంపుతారు. అవతలి సెట్ ఆ వివరం చదివి గొంతును మళ్లీ కల్పిస్తుంది. డిజిటల్ సెట్‌లో అందరి గొంతులూ కాస్త యంత్రంలా వినిపించడానికి కారణం అదే. ఈ రాతపద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి డిజిటల్ స్కానర్ ఉంటే వినవచ్చు. ఛానెల్ డిజిటల్ అయినంత మాత్రాన తలుపు మూసినట్టు కాదు.

తలుపు మూసేది ఎన్‌క్రిప్షన్. పంపే సెట్‌లోనూ అందుకునే సెట్‌లోనూ ఒకే రహస్య సంఖ్య ఉంటుంది, దాన్ని తాళంచెవి అంటారు. దాని నుంచి సెట్ సున్నాలూ ఒకట్లూ కలిసిన ఎడతెగని వరస ఒకటి పుట్టిస్తుంది. గొంతు బిట్లు 1011, వరసలో బిట్లు 0110 అనుకోండి. వరసలో 1 ఉన్న చోట గొంతు బిట్ తిరగబడుతుంది, 0 ఉన్న చోట అలాగే ఉంటుంది. గాలిలోకి వెళ్లేది 1101. అవతలి సెట్ అదే వరసతో మళ్లీ తిప్పితే 1011 తిరిగి వచ్చేస్తుంది. తాళంచెవి లేనివాడికి అందేది అర్థంలేని బిట్ల కుప్ప. దాన్ని గొంతుగా మారిస్తే గరగర తప్ప ఏమీ రాదు కాబట్టి స్కానర్ నోరు మూసుకుని, తెరమీద ఛానెల్ ఎన్‌క్రిప్ట్ అయిందని చూపిస్తుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు.

తాళం ఎంత గట్టిదన్నది చెవి పొడవును బట్టి ఉంటుంది. చౌకరకం రేడియోల్లో 40 బిట్ల చెవి వాడితే మొత్తం అవకాశాలు సుమారు లక్షా పదివేల కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే గానీ నేటి కంప్యూటర్లకు కాదు. ఏఈఎస్ పద్ధతిలో 256 బిట్ల చెవికి అవకాశాలు 78 అంకెల సంఖ్య. ఒక్కొక్కటీ ప్రయత్నించి తెరవడం ఏ యంత్రానికీ సాధ్యమయ్యే పని కాదు. ఈ విషయంలో టెట్రా కథ తెలుసుకోదగ్గది. ఐరోపాలో 1990లలో పుట్టి ఎన్నో దేశాల పోలీసులు వాడుతున్న రేడియో పద్ధతి అది. దాని తాళం పనితనాన్ని పాతికేళ్లు రహస్యంగా ఉంచారు. 2023లో మిడ్‌నైట్ బ్లూ అనే నెదర్లాండ్స్ పరిశోధక బృందం దాన్ని విప్పి చూపించింది. టీఈఏ1 అనే రకంలో 80 బిట్ల చెవి అని చెప్పిందాన్ని లోపల గుట్టుగా 32 బిట్లకు కుదించారు. 32 బిట్లంటే 429 కోట్ల అవకాశాలు, ల్యాప్‌టాప్‌కి నిమిషం పని. తాళం తయారీ పద్ధతి లోకమంతా తెలిసినా చెవి ఒక్కటే రహస్యంగా ఉంటే చాలు, అలా ఉండాలి తాళమంటే అని 1883లోనే కెర్ఖోఫ్స్ అనే భాషావేత్త రాసిపెట్టాడు. నూరేళ్లు దాటాక టెట్రా చేసిన ఇంజనీర్లు ఆ మాట మరిచిపోయారంటే ఆశ్చర్యం.

అమెరికాలో ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఉన్న మన పిల్లలు స్కానర్ కొనాలనుకుంటే వాళ్లకు ఈ పరిజ్ఞానం నేరుగా పనికొస్తుంది. ముందు ఆ ఊరి పోలీసు, ఫైర్ ఛానెళ్లు ఏ పద్ధతిలో ఉన్నాయో చూసుకోవాలి. అక్కడ పీ25 అనే డిజిటల్ పద్ధతి ఎక్కువ, ఛానెళ్లను కంప్యూటర్ అప్పటికప్పుడు పంచే ట్రంకింగ్ కూడా ఉంటుంది. పాత అనలాగ్ స్కానర్‌కి ఇవేవీ పట్టుబడవు. పెద్ద నగరాల్లో ఇంకో చిక్కుంది. పది టవర్లు ఒకే పౌనఃపున్యం మీద ఒకే మాటను ఒకేసారి పంపుతాయి, అవి కాస్త ముందూ వెనకగా వచ్చి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఈ చిక్కును బాగా విడదీసేది యూనిడెన్ ఎస్‌డీఎస్100 రకం, ధర 700 డాలర్ల దరిదాపు. అంత పోసి కొన్నాక ఆ ఊరి పోలీసులు ఎన్‌క్రిప్షన్ పెట్టేస్తే ఇక అందులో మిగిలేది ఫైర్ ఇంజన్ల మాటలు, వాతావరణ హెచ్చరికలు. ఏ కంపెనీ స్కానరూ ఆ తాళం తీయదు, తీయడం అక్కడా నేరమే. కాబట్టి కొనే ముందు చూడవలసింది స్కానర్ గొప్పదా కాదా అని కాదు, ఊళ్లో ఛానెళ్లు తెరిచి ఉన్నాయా లేదా అని.

ఈ మూతలు వేగంగా పడుతున్నాయి. షికాగో పోలీసులు 2022లో మార్పు పూర్తిచేసి, జనానికి అరగంట ఆలస్యంగా వినిపించే ఏర్పాటు పెట్టారు. న్యూయార్క్ పోలీసులు 2023 జులైలో బ్రూక్లిన్ నుంచి మొదలుపెట్టారు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో మాత్రం 2021 జనవరిలో మూసి, జనం, పత్రికలు అడగ్గా అడగ్గా 2022 సెప్టెంబరులో మళ్లీ తెరిచింది. పోలీసులు ఏం చేస్తున్నారో వినే హక్కు తమకుందని వాళ్ల వాదన.

ఆ వాదనను పల్నాడుకు తెచ్చి నిలబెడితే నాకు నచ్చదు. 2024 మేలో పోలింగ్ నాడూ తర్వాతా మాచర్ల వైపు జరిగిన గొడవలు చూశాం. ఒక ఊళ్లో రెండు వర్గాలు కర్రలతో ఎదురుబొదురుగా నిలబడ్డప్పుడు, పోలీసు పికెట్ ఏ దారిన వస్తోందో, ఎంతమంది వస్తున్నారో, ఇంకా ఎంతసేపు పడుతుందో వాళ్లలో ఒక వర్గం చెవిన పడితే అక్కడ ప్రాణాలే పోవచ్చు. సాయం కోసం ఫోన్ చేసిన ఆడపిల్ల ఇంటి చిరునామా ఛానెల్ మీద అందరూ వినడం కూడా క్షేమం కాదు. అలాగని పోలీసులు లెక్క చెప్పనక్కర లేదని కాదు. ఆ మాటలన్నీ రికార్డు చేసి ఉంచాలి, అవసరమైనప్పుడు కోర్టు ముందు పెట్టాలి. షికాగో పెట్టిన ఆలస్య ప్రసారం కంటే నాకు అది నయమనిపిస్తుంది.

అసలు మన దేశంలో చట్టం దృష్టిలో ఈ తలుపు ఎన్నడూ తెరిచి లేదు. ఆకాశవాణి వినడానికే పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో బిళ్ల అంటించుకున్న రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. 1980లలో గానీ అది పోలేదు. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడమే తప్పు. దాని స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఇతరుల సందేశాన్ని చట్టవిరుద్ధంగా పట్టి వింటే మూడేళ్ల దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే వాకీటాకీల సంగతి కూడా ఇందులోదే. అనుమతి వివరాలు చెప్పకుండా వాటిని అమ్ముతున్నాయని 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చింది. లైసెన్సు లేకుండా వాడుకోదగినవి 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే, తక్కువ శక్తి గల, ఆమోదం పొందిన సెట్లు మాత్రమే. మిరప చేలో, స్పిన్నింగ్ మిల్లులో, పెళ్లిపందిట్లో అటూ ఇటూ మాట్లాడుకోవడానికి అవి చాలు.

మరి ఆపదలో ఎడ్లపాడు మనిషికి కబురు ఎలా అందాలి? హైవే మీద ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేస్తాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ నడిచేదే ఫోన్ల మీద, స్కానర్‌లో దాని జాడ దొరకదు. తుపాను సంగతికి సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉంది. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్దగా కూసి ప్రయోగాత్మక హెచ్చరిక చూపించాయే, అదే. అందులో కిటుకు మొదట చెప్పుకున్న పోలీసు సెట్‌దే. టవర్ ఒక్కో ఫోనుకీ విడిగా పంపదు, సందేశాన్ని ఒక్కసారి గాలిలోకి వదులుతుంది, పరిధిలో ఉన్న ప్రతి ఫోనూ అందుకుంటుంది. జనం కిక్కిరిసినా అది ఆగదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే మనకు కూతవేటు దూరమే. అలాంటి గాలికి కరెంటు పోయి, టవర్ల బ్యాటరీలు అయిపోతే అప్పుడు మిగిలేది బ్యాటరీ రేడియో. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణిని దానిలో వినవచ్చు. ఇంట్లో ఒక చిన్న రేడియో, దానికి తగ్గ సెల్స్ ఉంచుకోవడం స్కానర్ కంటే తెలివైన కొనుగోలు.

వినడంతో తృప్తి పడని కుర్రాళ్లకు హామ్ రేడియో ఉంది. అందులో రహస్యం ఉండదు, సంకేతాలతో మాట దాచడం నిషిద్ధం. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో హామ్ స్టేషన్ నడపడానికి బృందంతో పోర్ట్ బ్లెయిర్ వెళ్లారు. 26వ తేదీ పొద్దున సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. సరదాగా ప్రపంచాన్ని పలకరించడానికి తీసుకెళ్లిన ఆ సెట్లే అండమాన్ దీవుల నుంచి దేశానికి కబురు మోశాయి, ఎవరు బతికి ఉన్నారో ఇళ్లకు చెప్పాయి.

లైసెన్సుకు కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పరీక్ష పెడుతుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ సంకేతాలు నేర్చుకోనక్కర లేదు, హైస్కూలు సైన్సులోని విద్యుత్తు పాఠాలు, రేడియో నిబంధనలు చదివితే సరిపోతుంది. స్కానర్‌కి పెట్టాలనుకున్న డబ్బు మీ పిల్లల చేత ఆ పరీక్ష రాయించడానికి పెట్టండి. పన్నెండేళ్లు నిండితే చాలు.