పాల చీటీ మీద ఎవరి పేరు?

పసిఫిక్ మహాసముద్రంలో తువాలు అనే దేశం ఉంది. దాని జనాభా పది వేలకు అటూ ఇటూ. మన ఎర్రుపాలెం మండలం ముందు అది ఏ మూలకూ రాదు. అయినా దానికో జెండా ఉంది, పార్లమెంటు ఉంది, ఐక్యరాజ్యసమితిలో ఓటు ఉంది. తువాలు, కిరిబాటి, సమోవా, ఫిజీ వంటి చిన్న ద్వీప దేశాలకు బయటి నుంచి వచ్చే అభివృద్ధి పథకాల్లో స్త్రీ పురుష సమానత్వం గురించి ఒక అధ్యాయం ఉండటం ఇప్పుడు ఆనవాయితీ. 2014లో సమోవా రాజధాని అపియాలో ఈ దేశాల కోసమే జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు కూడా తన పత్రంలో ఆ మాటను విడిగా రాసుకుంది. రాసుకోవడం తేలికే. చేపలకో, పాలకో, కూరగాయల అంగడికో పెట్టిన డబ్బు ఆడవాళ్ల బతుకులో ఏం మార్చిందో తేల్చడమే కష్టం. లబ్ధిదారుల జాబితాలో ఎందరు ఆడవాళ్లున్నారని లెక్కపెట్టి ఊరుకుంటే అది తేలదు. డబ్బు చేతికొచ్చే చోట రాసే కాగితం మీద ఎవరి పేరుందో చూస్తే చాలావరకు తేలుతుంది. ఈ గీటురాయి ద్వీపాల్లో ఎంత పనికొస్తుందో ఎర్రుపాలెంలోనూ అంతే పనికొస్తుంది.

ఎర్రుపాలెం ఖమ్మం జిల్లాకు దక్షిణపు అంచు. కాజీపేట నుంచి బెజవాడ పోయే రైలు మధిర దాటాక ఇక్కడికొస్తుంది, ఆ పైన ఆంధ్రప్రదేశ్. జమలాపురం వెంకన్న గుడి ఈ మండలంలోనే ఉంది. భద్రాచలం వైపు అడవిలో ఆడవాళ్ల సంపాదన తునికాకు, ఇప్పపువ్వు చుట్టూ తిరిగితే, ఇటు వచ్చేసరికి వరి, పత్తి, మిరప, వాటిని అంటిపెట్టుకుని పాడి. మధిర, బోనకల్, చింతకాని, ముదిగొండ, ఎర్రుపాలెం మండలాల్లోని మహిళా సంఘాల సభ్యులకు రెండేసి పాడి గేదెలు ఇప్పించి, ఆ పాలను ఇందిరా మహిళా డెయిరీ పేరుతో వాళ్ల చేతనే అమ్మించాలన్నది ఇక్కడ తలపెట్టిన పథకం. రెండేసి ఇవ్వడంలో పశువు సంగతి తెలిసినవాళ్ల లెక్క ఉంది. గేదె పది నెలలకు పైగా చూడితో ఉంటుంది. ఈనాక కొన్ని నెలలు పాలిచ్చి ఒట్టిపోతుంది. ఒకటే ఉంటే ఆ ఒట్టి నెలల్లో పాలు ఆగుతాయి గానీ కిస్తీ ఆగదు. ఒకటి ఒట్టిపోయే వేళకు రెండోది ఈనితే ఇల్లు గడుస్తుంది.

పశువు సంగతి ఇంత జాగ్రత్తగా ఆలోచించినప్పుడు కాగితం సంగతి కూడా ఆలోచించాలి. పాల కేంద్రంలో జరిగేది చూడండి. క్యాను మూత తీసి, పాలు కలియబెట్టి, గరిటెడు తీసి యంత్రంలో పోస్తారు. వెన్న శాతం, వెన్న పోను మిగిలే ఘనపదార్థం శాతం తెర మీద కనిపిస్తాయి. ఆ రెండింటిని బట్టి లీటరు ధర. చిన్న చీటీ ఒకటి బయటికొస్తుంది: తేదీ, పూట, ఎన్ని లీటర్లు, ఎంత వెన్న, ఎంత ధర, సభ్యత్వ నంబరు, పేరు. పది, పదిహేను రోజులకోసారి పడే బిల్లు ఆ నంబరుకు ముడిపడిన బ్యాంకు ఖాతాలోకే పోతుంది. గేదె చెవికి వేసే పసుపు ట్యాగు మీద మన ఆధార్‌కు లాగే పన్నెండు అంకెలుంటాయి. గేదె చస్తే బీమా డబ్బు ఆ ట్యాగు ఎవరి పేరున నమోదైతే వాళ్లకే వస్తుంది. సభ్యత్వం, ఖాతా, బీమా: ఆస్తి ఎవరిదో చెప్పే కాగితాలు ఈ మూడే. పేడ తీసేది, కుడితి పెట్టేది, గడ్డి కోసుకొచ్చేది, దూడను వదిలి చేపించేది ఎక్కువగా ఆడవాళ్లే. దేశంలో పాల ఉత్పత్తి పెంచడానికి తెచ్చిన ఆపరేషన్ ఫ్లడ్ పథకం 1970లో మొదలై అర్ధ శతాబ్దం దాటింది. అయినా దేశంలోని పాల సహకార సంఘాల సభ్యుల్లో ఆడవాళ్లు సుమారు మూడో వంతే. పాలు ఆమె పిండితే పుస్తకం ఆయన పేరున నడుస్తోంది.

ఇది ఆడవాళ్లకు చేతకాక వచ్చిన తేడా కాదని చెప్పడానికి తెలంగాణలోనే రుజువుంది. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 2000 సంవత్సరంలో మహిళా సహకార డెయిరీ మొదలైంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అంటే మాక్స్ చట్టం, ప్రభుత్వ పెత్తనం తగ్గించి సంఘాలకు ఇచ్చిన వెసులుబాటు దానికి కలిసొచ్చింది. ఆ డెయిరీ సభ్యులంతా ఆడవాళ్లే, పాలకవర్గమూ వాళ్లదే, ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్మేదీ వాళ్లే. గమనించాల్సింది ఏమిటంటే, వాళ్లు నేరుగా గేదెల దగ్గర మొదలుపెట్టలేదు. అంతకు ముందు కొన్నేళ్ల పాటు పొదుపు సంఘాలు నడిపి, అప్పులిచ్చి, వసూలు చేసి, లెక్కలు రాసి, ఎన్నికలు పెట్టుకుని, ఆ తర్వాత పాల దగ్గరికొచ్చారు. మనం ఈ వరుసను తరచూ తలకిందులు చేస్తాం. ముందు గేదెలు పంచి, సంఘం సంగతి తర్వాత చూద్దామంటాం.

గేదెలిస్తే సమానత్వం వస్తుందా, చాకిరీ పెరుగుతుందా అని అడిగేవాళ్లున్నారు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. 2024 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం కూలి లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. రెండు గేదెలొస్తే ఆ 289 మీద ఇంకెన్ని పడతాయో కొట్టంలో తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మెదక్ జిల్లాలో నిరుపేద మహిళలకు పశువులు ఇచ్చిన ఒక పథకం మీద 2015లో వెలువడిన అధ్యయనం ఇంకా చేదు నిజం చెప్పింది. పశువుల మీద రాబడి పెరిగింది, కానీ వాటిని చూసుకోవడానికి కూలి మానేయడంతో కూలి రాబడి అంతే తగ్గింది. నికరంగా మిగిలింది లేదు. అదే ఏడాది ఆరు దేశాల్లో ఇలాంటి పథకాలను పరిశీలించిన మరో పెద్ద అధ్యయనంలో తిండి, ఆదాయం, ఆస్తి మెరుగుపడి నిలిచాయి. ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకు మొదట వచ్చిన విలువ మాత్రం నిలవలేదు. పశువు ఇంటికి రావడం వేరు, పెత్తనం చేతికి రావడం వేరు. గడ్డి కోసే యంత్రం, ఊళ్లోనే పశువైద్యం, కొట్టం దగ్గరే నీటి కుళాయి పథకంలో భాగం కాకపోతే గేదె ఆమెకు ఆస్తి కాదు, ఇంకో ఉద్యోగం. జీతం లేని ఉద్యోగం.

రెండో అభ్యంతరం పెద్దమనుషుల నోటి నుంచి వస్తుంది: ఇల్లన్నాక డబ్బు అందరిదీ, మొగుడూ పెళ్లాల మధ్య ఖాతాలు విడదీయడం ఎందుకు? డబ్బు నిజంగా అందరిదే అయితే అది ఆమె ఖాతాలో పడినంత మాత్రాన ఎవరికీ నష్టం లేదు కదా. ఉత్తర మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని స్త్రీల సొంత ఖాతాల్లో వేసి, ఆ ఖాతా వాడటం నేర్పి చూసిన ఒక అధ్యయనం 2021లో అచ్చయింది. ఊరికే ఖాతా తెరిచి వదిలేసిన చోట పెద్ద మార్పు లేదు. కూలి నేరుగా అందులో పడి, దాన్ని తీసుకోవడం, దాచుకోవడం తెలిసిన చోట ఆడవాళ్లు బయటి పనులకు ఎక్కువగా వెళ్లారు, ఆడది పనికి పోకూడదన్న పట్టింపు కూడా సడలింది. ఇక అప్పు సంగతి. మహిళా సంఘాల రుణాలు ఆడవాళ్ల పేరునే వస్తాయి, ఒకరు కట్టకపోతే సంఘమంతా వాళ్ల గుమ్మం ముందు కూర్చుంటుంది. సూక్ష్మరుణ సంస్థల వేధింపుల మీద 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చినప్పుడు వీధిన పడింది అలా అప్పు తీసుకున్న ఆడవాళ్లే. అప్పు పత్రం మీద ఆమె వేలిముద్ర, పాల బిల్లు మాత్రం ఆయన ఖాతాలోకి. ఇంతకంటే చెడ్డ బేరం ఇంకోటి ఉండదు. ఇల్లు ఒకటే అనేవాళ్లు అప్పు దగ్గర ఆ మాట ఎందుకు అనరో నాకెప్పుడూ అర్థం కాదు.

ద్వీపాల్లోనూ కథ ఇదే. పసిఫిక్ తీరాల్లో మగవాళ్లు పడవేసుకుని సముద్రంలోకి పోతే, ఆటు వేళ ఆడవాళ్లు మోకాటిలోతు నీళ్లలో నత్తలు, గుల్లలు, పీతలు ఏరుతారు. ఇంట్లో కూరకు అవే ఆధారం. చిన్నస్థాయి వేటలో సగానికి పైగా ఆడవాళ్లదేనని 2013లో వెలువడిన ఒక అంచనా. అయినా పడవ, మోటారు, ఐసు గది అంటూ వచ్చిన మత్స్య పథకాలు చాలాకాలం మగవాళ్ల వేటనే వేటగా లెక్కగట్టాయి. ఏరుకోవడం లెక్కలోకి రాలేదు. మన దగ్గర పేడ తీయడం లెక్కలోకి రానట్టే. ఫిజీలో ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2014 నుంచి నడిపిన మార్కెట్ల పథకం మాత్రం వేరే దారి పట్టింది. అంగట్లో కూరగాయలు అమ్మేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లే. దూరపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు రాత్రుళ్లు ఆ అరుగుల మీదే పడుకునేవాళ్లు. పథకం వాళ్లకు బస, మరుగుదొడ్డి, నీళ్లు చూడటంతో ఆగలేదు. వ్యాపారుల సంఘాలను పటిష్ఠం చేసి, వాటి పెత్తనంలోకి ఆడవాళ్లు వచ్చేలా చూసింది. మార్కెట్ రుసుము ఎంత, ఆ డబ్బుతో ఏం చేయాలి అని పురపాలక సంఘాన్ని అడిగే నోరు వాళ్లకొచ్చింది. ఈ ఫిజీకీ మనకూ పాత చుట్టరికమే ఉంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి, గిర్మిట్ అనే కూలి ఒప్పందం కింద చెరకు తోటలకు పోయిన కూలీల్లో తెలుగువాళ్లు చాలామంది. వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలన్నది అప్పటి నియమం. ఆడవాళ్లను లెక్కించడం అప్పుడూ ఉంది, వాళ్ల చేతికి ఏమొచ్చిందన్న ప్రశ్నే లేదు.

పేరు పెట్టినంత మాత్రాన ఏమవుతుంది, ఆమె పేరు బినామీగా వాడుకోరా అంటారు. వాడుకుంటారు. సర్పంచి భర్తలను చూడలేదా? అందుకని పదవులు ఎత్తేయలేదు కదా. పేరు ఉంటేనే, అది బినామీ అయిన రోజున ఆమె కోర్టుకైనా, సంఘానికైనా, బ్యాంకుకైనా ఎక్కడానికి మెట్టు దొరుకుతుంది. పేరే లేకపోతే అడిగే హక్కూ లేదు. ఇక్కడ మగవాళ్లకూ న్యాయం చేయాలి. చాలా ఇళ్లలో తెల్లవారకముందే క్యాను బండికి కట్టుకుని పాల కేంద్రానికి పోయేది వాళ్లే, ఎద గుర్తించి సూది వేయించడానికి తిరిగేదీ వాళ్లే. ఆ పని పోకూడదు. క్యాను ఆయన మోసుకుపోవచ్చు, చీటీ మీద పేరు ఆమెది ఉండాలి. ఈ రెంటికీ పేచీ లేదు.

కాబట్టి ఎర్రుపాలెం సంఘాల పుస్తకాలు రాసేవాళ్లకు ఒక మనవి. గేదె చెవికి ట్యాగు వేసే రోజునే బీమా కాగితం, సభ్యత్వ నంబరు, బ్యాంకు ఖాతా మూడూ ఒకే పేరున ఉన్నాయో లేదో సరిచూడండి. ఆ పేరు కొట్టం ఊడ్చేవాళ్లదై ఉండాలి. మొదటి బిల్లు పడకముందే చూడండి. పడ్డాక మార్చడం ఎంత కష్టమో బ్యాంకు గుమ్మాలెక్కినవాళ్లను అడిగితే తెలుస్తుంది.