ఆకాశమునుండి పడిన చిన్న కెమెరా

ఎంత యెత్తునుండి పడిన వస్తువున కంత హెచ్చు దెబ్బ తగులునని మనమందరము తలచుచుందుము. ఈ తలంపు కొంతవరకే నిజము. అందులకు నిదర్శనముగా నొక వృత్తాంతమును చదువరులకు విన్నవించుచున్నాము.

2013వ సంవత్సరమున కాలిఫోర్నియాలో, అరచేత నిముడు గోప్రో కెమెరా యొకటి విమానమునుండి జారి, గిరగిర తిరుగుచు వచ్చి పందుల దొడ్డిలో పడినది. ఎనిమిది నెలల పిమ్మట అది దొరికెను. తాను పడిన విధమును, తన్ను తినబోయిన పంది మూతిని సైతము అది చిత్రించి యుంచినది! 2014లో ఆ చిత్రమును లోకులనేకులు చూచి విస్మితులైరి.

ఇది యెట్లు సాధ్యమైనది? గాలియే లేనిచో 3,000 మీటర్ల యెత్తునుండి పడు వస్తువు గంటకు సుమారు 870 కిలోమీటర్ల వేగముతో నేలను తాకవలెను. కాని గాలి దాని నడ్డగించుచుండును. వేగము హెచ్చినకొలది యీ యడ్డగింపును హెచ్చి, తుదకు వస్తువు బరువుతో సమానమగును. అటుపిమ్మట వేగము పెరుగదు. దీనినే అంత్యవేగ మందురు. 150 గ్రాముల కెమెరాకు లెక్కవేసి చూడగా నిది గంటకు సుమారు 90 కిలోమీటర్లు మాత్రమే. నూరు మీటర్లు పడునప్పటికే యించుమించుగా నీ వేగము వచ్చును గావున, అంతకు మించిన యెత్తువలన దెబ్బ యంతగా హెచ్చదు.

వస్తువు యొక్క పొడవు, వెడల్పు, మందములను సగమునకు తగ్గించినచో బరువు ఎనిమిదవ వంతగును. గాలి కెదురగు వైశాల్యము నాలుగవ వంతే యగును. కావున చిన్న వస్తువును గాలి సులభముగా నిలువరించును. తాటిచెట్టునుండి పడిన చీమ బ్రదుకుటకు కారణ మిదియే.

ఇక నేల సంగతి. ఆ వేగముతో వచ్చిన కెమెరా రాతిపై నొక మిల్లీమీటరులో ఆగినచో, దెబ్బ దాని బరువునకు సుమారు 32,000 రెట్లుండును. బురదలో 10 సెంటీమీటర్లు దిగి యాగినచో అందు నూరవ వంతే యుండును. అద్దము పగిలినను చిత్రములు నిలుచుట కలదు. ఏలయన నవి కదలెడి భాగములు లేని చిన్న కార్డులో నుండును.

అయినను బాలురు మేడపైనుండి వస్తువులను విడువరాదు. ఆ కెమెరా బరువు దాదాపు క్రికెట్ బంతి బరువు. క్రిందనున్నవారి తల బురద కాదు.